ఒకరి నేరం, మరొకరిపై సుంకం

మార్కాపురంలోని ఒక పలకల ఫ్యాక్టరీలో పనిచేసే సోదరుడొకరు ఆ మధ్య ఇషా నమాజు తరువాత మసీదు వరండాలో నా ప్రక్కన వచ్చి కూర్చున్నారు. గనిలో నుండి వచ్చిన రాతిని ఉలితో పొరలు పొరలుగా విప్పడం ఆయన చిన్ననాటి నుండి చేస్తున్న పని. ఆ వేళ ఆయన వేళ్ళ సందులలో రాతిపొడి లేదు. నాలుగు రోజులుగా ఫ్యాక్టరీలో పని లేదని, విదేశానికి పోవలసిన సరుకు షెడ్డులోనే ఉండిపోయిందని చెప్పి, ఒక ప్రశ్న అడిగారు.

"మౌలానా సాబ్, అమెరికాలో ఎవరో మత్తుమందు తిని చచ్చిపోతున్నారంట. దానికి మన పలకరాయి మీద సుంకం వేశారంట. మన రాయికీ వాళ్ళ మత్తుకీ ఏమి సంబంధం?"

ఆయన ప్రశ్నలో సగం పొరపాటు ఉంది. మన దేశపు సరుకులపై అమెరికా వేసిన సుంకానికి చెప్పిన కారణం మత్తుమందు కాదు. మత్తుమందు కారణంగా సుంకం పడింది చైనా, కెనడా, మెక్సికో దేశాలపై. ఆ మాటే ఆయనకు చెప్పాను. కాని ఇంటికి వచ్చి ఆలోచించగా, ఆయన ప్రశ్నలోని మిగిలిన సగం నన్ను వదలలేదు. ఒకరు చేసిన తప్పుకు మరొకరి కూలి ఎందుకు పోవాలి? ఈ ప్రశ్న మార్కాపురం కార్మికునిది మాత్రమే కాదు. దివ్యఖుర్ఆన్‌లో ఒక ప్రవక్త ఎదుట నిలిచిన ప్రశ్న కూడా ఇదే. మన ఇళ్ళలో తల్లిదండ్రుల ఎదుట నిలిచిన ప్రశ్న కూడా ఇదే. అందుకే ఈ నెల పాఠకుల ముందు దీనిని వివరంగా ఉంచదలచాను.

అసలు జరిగినదేమిటి?

ఫెంటానిల్ అనేది నిజానికి ఒక ఔషధం. శస్త్రచికిత్సల సమయంలోను, క్యాన్సర్ రోగుల భరింపరాని నొప్పికిని వైద్యులు దీనిని వాడుతారు. ఇది మార్ఫిన్ కంటే దాదాపు నూరు రెట్లు బలమైనది. వైద్యుని చేతిలో ఇది ఉపశమనం. దొంగచాటుగా తయారై వీధిలోకి వస్తే ప్రాణాంతకం. రెండు మిల్లీగ్రాములు, అంటే కొన్ని ఉప్పు రేణువులంత, మనిషి ప్రాణం తీయగలదు. అమెరికాలో 2023లో మాదకద్రవ్యాలు మోతాదు మించి మరణించినవారి సంఖ్య లక్ష దాటింది. వారిలో అధికభాగం ఈ ఫెంటానిల్ బాధితులే. 2024లో ఆ సంఖ్య సుమారు 80 వేలకు తగ్గింది. తగ్గినప్పటికీ, 80 వేల ఇళ్ళలో శోకమంటే చిన్న విషయం కాదు. ఆ తల్లుల కన్నీటిని మనం తేలికగా తీసుకోరాదు.

2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్, ఈ విషాన్ని అరికట్టడంలో చైనా విఫలమైందంటూ, ఆ దేశపు సరుకులపై 10 శాతం అదనపు సుంకం విధించారు. మార్చిలో దానిని 20 శాతం చేశారు. కెనడా, మెక్సికో సరుకులపై 25 శాతం విధించారు. ఆగస్టులో కెనడాపై సుంకాన్ని 35 శాతానికి పెంచారు. చైనా ఊరుకోలేదు. అమెరికా వ్యవసాయోత్పత్తులపై తానూ సుంకాలు వేసింది. ఫెంటానిల్ అమెరికా ఇంటి సమస్య అని, తాము 2019లోనే ఆ తరగతి పదార్థాలన్నింటినీ నియంత్రణలోకి తెచ్చామని మార్చిలో ఒక శ్వేతపత్రం వెలువరించింది. ఇతర కారణాలతో మరిన్ని సుంకాలు కలిసి, ఏప్రిల్ నాటికి అమెరికా సుంకం 145 శాతానికి, చైనా సుంకం 125 శాతానికి చేరాయి. మే నెలలో జెనీవాలో కూర్చుని ఇరువురూ తగ్గించుకున్నారు. అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ట్రంప్, చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ సమావేశమైన తరువాత ఫెంటానిల్ పేరిట వేసిన సుంకం 20 నుండి 10 శాతానికి దిగింది. చైనా మరికొన్ని ముడి రసాయనాల ఎగుమతిపై ఆంక్షలు ప్రకటించింది, అమెరికా సోయాచిక్కుళ్ళు కొంటామని మాట ఇచ్చింది.

సోయాచిక్కుళ్ళ ప్రస్తావన ఇక్కడ ఎందుకు వచ్చింది? ఎందుకంటే ఈ తగవు నడిచినంత కాలం చైనా అమెరికా సోయా కొనుగోలును దాదాపు ఆపివేసింది. పంట చేతికి వచ్చిన వేళ అయోవా, ఇల్లినాయ్ రాష్ట్రాల రైతులు కొనేవారు లేక గాదెలు నింపుకొని కూర్చున్నారు. ఆ రైతు ఫెంటానిల్ తయారు చేయలేదు, అమ్మలేదు. అతని గ్రామంలోనే ఆ విషానికి బలైన యువకుడు ఉండి ఉండవచ్చు. రసాయనం కలిపినవాడు ఎక్కడో ఉన్నాడు. శిక్ష మాత్రం ఇటు చైనా కర్మాగారంలో బొమ్మలు కుట్టే స్త్రీకి, అటు అమెరికా రైతుకు పడింది.

మన రాతిపై పడిన సుంకం

ఇక మన సంగతి. 2025 ఆగస్టు 7న భారతదేశపు సరుకులపై అమెరికా 25 శాతం సుంకం విధించింది. ఆగస్టు 27 నుండి మరో 25 శాతం కలిపింది. రెండవ సుంకానికి చెప్పిన కారణం, మనం రష్యా వద్ద చమురు కొంటున్నామని. మొత్తం 50 శాతం. మందులను ఈ సుంకాల నుండి మినహాయించారు. కాని ఒంగోలు, నెల్లూరు తీరాల రొయ్యకు మినహాయింపు ఇవ్వలేదు, మన రాతికి మినహాయింపు ఇవ్వలేదు.

సుంకం ఎలా పనిచేస్తుందో మన ఇంటి ఆడపడుచులకు కూడా తెలియడం మంచిది. నూరు రూపాయల సరుకు అమెరికా రేవులో దిగినప్పుడు, అక్కడి కొనుగోలుదారు తన ప్రభుత్వానికి మామూలు సుంకంతో పాటు ఈ యాభై రూపాయలు కట్టవలసి వచ్చింది. అతడు ఆ భారాన్ని తానొక్కడే మోయడు. కొంత తన ఖాతాదారుపై వేస్తాడు, కొంత మన ఎగుమతిదారును ధర తగ్గించమంటాడు, లేదా వేరొక దేశం నుండి కొంటాడు. ఎగుమతిదారు ఫ్యాక్టరీ యజమానిని అడుగుతాడు, యజమాని పనిదినాలు తగ్గిస్తాడు. వాషింగ్టన్‌లో వేసిన సంతకం ఇన్ని చేతులు మారి చివరకు మార్కాపురంలో ఒక ఇంటి పొయ్యి దగ్గరకు వస్తుంది. వెనుకటి తరం పిల్లలెందరో అక్షరాలు దిద్దుకున్న పలకలు మన ఊరి రాతితో చేసినవే. ఆ రాతిపొడిని ఊపిరితిత్తులలో నింపుకొని మన కార్మికులు పనిచేశారు. వారు రష్యా చమురు కొనలేదు. ఉక్రెయిన్‌పై యుద్ధం చేయలేదు. తెలుగులో మన పెద్దలు ఊరకే అనలేదు, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లని.

కారణం ఒక చోట చమురు, మరొక చోట మత్తు. తర్కం మాత్రం ఒకటే. నేరస్థుని పట్టుకోవడం కష్టం. అతని దేశంవాడు, లేదా అతనితో వ్యాపారం చేసేవాడు రేవులోనే సులువుగా దొరుకుతాడు. కనుక దొరికినవానిని పట్టుకుందామన్నదే ఆ తర్కం.

ఈ తర్కంలోని లోపాన్ని అమెరికాలోని న్యాయస్థానమే ఎత్తిచూపింది. 2025 మే 28న ఆ దేశపు అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం, మాదకద్రవ్యాల పేరిట వేసిన సుంకాలు ఆ ముప్పును నేరుగా ఎదుర్కోవడం లేదని, ఇతర ప్రభుత్వాలపై ఒత్తిడి తేవడానికి మాత్రమే ఉపకరిస్తున్నాయని తేల్చింది. ఆగస్టు 29న పై న్యాయస్థానం కూడా 7-4 ఆధిక్యంతో, అధ్యక్షుడు ఆధారం చేసుకున్న చట్టం ఇటువంటి సుంకాలకు అనుమతి ఇవ్వదని చెప్పింది. నవంబరు 5న అమెరికా సుప్రీంకోర్టు వాదనలు విన్నది. 2025 డిసెంబరు నాటికి తీర్పు వెలువడలేదు, అప్పటికి సుంకాలు కొనసాగాయి.

కెనడా విషయం చూస్తే ఈ అసంగతం మరింత స్పష్టమవుతుంది. 2024 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో కెనడా వైపు సరిహద్దులో అమెరికా అధికారులు పట్టుకున్న ఫెంటానిల్ 43 పౌన్లు, అంటే ఇరవై కిలోల లోపు. అదే ఏడాది మెక్సికో వైపు పట్టుబడినది 21 వేల పౌన్ల పైమాటే. అయినా కొంతకాలానికి కెనడాపై సుంకమే మెక్సికోపై దానికన్నా ఎక్కువైంది. నేరాన్ని కొలిచి శిక్ష వేసే త్రాసు ఇది కాదని గ్రహించడానికి పెద్ద చదువు అక్కరలేదు.

తిరగబడిన చరిత్ర

చైనావారు ఈ తగవును చూసేటప్పుడు వారికి ఒక పాత గాయం గుర్తుకు వస్తుంది. ఆ గాయంలో మన నేలకు కూడా భాగముంది.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ బీహారు, బనారసు ప్రాంతాల రైతుల చేత నల్లమందు పండించి, కలకత్తాలో వేలం వేసేది. వర్తకులు దానిని చైనాకు చేరవేసేవారు. చైనాలో అది నిషిద్ధం. అయినా దొంగచాటుగా దిగుమతి అయ్యేది, లక్షలాది మంది దానికి బానిసలయ్యారు. 1839లో లిన్ జెషూ అనే చైనా అధికారి కాంటన్‌లో విదేశీ వర్తకుల వద్దనున్న 20 వేలకు పైగా నల్లమందు పెట్టెలను స్వాధీనం చేసుకొని, సున్నం, ఉప్పు కలిపిన గుంటలలో వేసి నాశనం చేయించాడు. దానికి బదులుగా బ్రిటన్ యుద్ధనౌకలను పంపింది. ఆ యుద్ధంలో మద్రాసు సైన్యపు పటాలాలు కూడా పాల్గొన్నాయి. వాటిలో మన తెలుగు ప్రాంతాల సిపాయిలు, ముస్లిం సిపాయిలు కూడా ఉండేవారు. ఏ పాపమూ ఎరుగని రైతుబిడ్డలు, మత్తుమందు అమ్మకపు హక్కు కోసం పరాయి నేలపై తుపాకి పట్టారు.

1842లో నాన్‌కింగ్ ఒప్పందంతో చైనా 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చెల్లించవలసి వచ్చింది. హాంకాంగ్ పోయింది. తన రేవులలో తన ఇష్టప్రకారం సుంకం వేసుకొనే స్వేచ్ఛ కూడా పోయింది. రెండవ యుద్ధం నడుమ, 1858లో నల్లమందుకే ఒక సుంకం నిర్ణయించి, ఆ సుంకం కడితే చాలు, దిగుమతి చట్టబద్ధమని వ్రాయించారు. అంటే విషానికి రేవులో రసీదు ఇచ్చారన్నమాట.

నాడు మత్తుమందును అమ్మిన బలవంతుడు, దానిని ఆపిన బలహీనుని శిక్షించాడు. నేడు మత్తుమందుకు బలైన బలవంతుడు ఇతరులను శిక్షిస్తున్నాడు. పాత్రలు మారాయి, పద్ధతి మారలేదు. నాడూ నేడూ లాభనష్టాల లెక్క రాజధానులలో జరిగింది. మూల్యం పొలంలోను, రేవులోను, కర్మాగారంలోను ఉన్నవాడు చెల్లించాడు.

ప్రవక్త యూసుఫ్ (అలై) ఎదుట నిలిచిన ప్రశ్న

దివ్యఖుర్ఆన్ పన్నెండవ సూరాలో ప్రవక్త యూసుఫ్ (అలై) వృత్తాంతం మనకందరికీ తెలుసు. కరువుకాలంలో ఆయన సోదరులు ధాన్యం కోసం ఈజిప్టు వెళ్తారు. తిరుగు ప్రయాణంలో చిన్న తమ్ముని గోనెలో రాజుగారి కొలపాత్ర దొరుకుతుంది. నేరం ఎవరి సంచిలో బయటపడితే వాడే శిక్షకు బాధ్యుడన్న నియమాన్ని ఆ సోదరులే అంతకుముందు ఒప్పుకొని ఉన్నారు. ఇప్పుడు వారు ప్రాధేయపడతారు. మా తండ్రి వృద్ధుడు, ఈ చిన్నవానిని వదలి మాలో ఒకరిని ఉంచుకోండి అంటారు. ఒకరికి బదులు మరొకరు స్వయంగా ముందుకు వస్తున్నారు, బలవంతం లేదు. అయినా ఆయన అంగీకరించలేదు. వస్తువు ఎవరి వద్ద దొరికిందో అతనిని తప్ప వేరొకరిని పట్టుకుంటే తాము దుర్మార్గులమవుతామని, అల్లాహ్ శరణు కోరుతూ చెప్పారు.

ఆ వృత్తాంతంలో అల్లాహ్ ఉంచిన మర్మం వేరు, ఆ కొలపాత్ర కథ వేరు. కాని ఆ వేళ ఒక పాలకుని నోట వెలువడిన సూత్రం మాత్రం అన్ని కాలాలకు వర్తిస్తుంది. వర్తకపు సరిహద్దులో, ధాన్యపు గోనెల నడుమ, అధికారం చేతిలో ఉన్న పాలకుడు ఒకరికి బదులు మరొకరిని పట్టుకోనన్నాడు. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్న నియమాన్ని ఖుర్ఆన్ అనేక సూరాలలో పునరుక్తం చేసింది. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని అల్ మాయిదా సూరాలో హెచ్చరించింది.

అంటే సుంకమే అధర్మమా? కాదు. సరిహద్దు సుంకం విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) ఆచరణ మన ముందుంది. ముస్లిం వర్తకులు పొరుగు రాజ్యాలకు వెళ్తే అక్కడివారు పదవ వంతు వసూలు చేస్తున్నారని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఆయనకు వ్రాశారు. వారు మన వర్తకుల నుండి తీసుకుంటున్నట్లే మీరూ వారి వర్తకుల నుండి తీసుకోండని ఆయన బదులు వ్రాశారు. ఏలుబడిలోని ముస్లిమేతర వర్తకుల నుండి ఇరవయ్యవ వంతు, ముస్లింల నుండి నలభయ్యవ వంతు నిర్ణయించారు. రెండువందల దిర్హములకు తక్కువ సరుకున్న చిన్న వర్తకునిపై ఏమీ లేదు. ఈ వివరాలు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్) గారి కితాబుల్ ఖరాజ్‌లో ఉన్నాయి. మదీనాకు గోధుమ, నూనె ఎక్కువగా రావాలని, వాటిని తెచ్చే నబతీ వర్తకులకు ఆయన సుంకాన్ని సగానికి తగ్గించినట్లు ఇమామ్ మాలిక్ (రహ్) గారి మువత్తాలో ఉంది.

ఇందులో మూడు విషయాలు గమనించదగ్గవి. సుంకానికి సుంకమే జవాబు, మరొక నేరపు కోపాన్ని అందులో కలపలేదు. చిన్నవానిని వదిలిపెట్టారు. పేదవాని తిండిగింజకు భారం తగ్గించారు. అన్యాయంగా సుంకం పిండేవానిని హదీసులు తీవ్రంగా హెచ్చరించాయి. నేటి పాలకులు ఏ మతస్థులైనా కావచ్చు, న్యాయం అందరి భాషలోనూ ఒకటే.

పదిమంది

ఇక మత్తు విషయానికి వద్దాం. మత్తు కలిగించే ప్రతిదీ మద్యం కోవలోనిదేనని మహాప్రవక్త (స) బోధించారు. వైద్యుని సలహాపై అవసరమైన మేరకు వాడే ఔషధం వేరు, మత్తు కోసం వాడే పదార్థం వేరు; రెండవది నిషిద్ధమని ధర్మవేత్తలు తేల్చారు. మద్యం విషయంలో పదిమంది శపించబడ్డారని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. రసం పిండేవాడు, పిండించుకొనేవాడు, త్రాగేవాడు, మోసేవాడు, ఎవరి కోసం మోస్తారో అతడు, పోసేవాడు, అమ్మేవాడు, ఆ వెల తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటారో అతడు.

ఈ జాబితాను నేను ఎన్నో ఏళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. కాని ఈ సుంకాల తగవు చూసిన తరువాతనే దీనిలోని న్యాయం నాకు మరింత బోధపడింది. అమ్మేవాడు కొనేవానిని చూపి తప్పించుకోలేడు. కొనేవాడు అమ్మేవానిని చూపి తప్పించుకోలేడు. గొలుసులోని ప్రతి కడియానికి దాని లెక్క దానిదే. అదే సమయంలో, ఈ పదిమందిలో లేనివానిని ఎవరూ పట్టుకోలేరు. పలకరాయి విప్పే కార్మికుడు ఈ జాబితాలో లేడు. సోయా రైతు లేడు.

అమెరికా చైనా వైపు వ్రేలు చూపుతోంది. చైనా నుండి ముడి రసాయనాలు మెక్సికో ముఠాలకు చేరుతున్న మాట నిజమే. కాని ఆ దేశంలో ఈ వ్యసనానికి బీజం వేసినవారెవరు? 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పిమాత్రను మార్కెట్టులోకి తెచ్చిన పర్డ్యూ ఫార్మా అమెరికా సంస్థే. అది అంతగా వ్యసనం కలిగించదని వైద్యులను నమ్మించి విరివిగా వ్రాయించారు. 2020లో ఆ సంస్థ న్యాయస్థానంలో నేరాన్ని అంగీకరించింది. మాత్రలకు అలవాటుపడినవారు అవి దొరకనప్పుడు హెరాయిన్ వైపు, తరువాత ఫెంటానిల్ వైపు వెళ్ళారు. సుంకం రేవులో పెట్టెను ఆపగలదేమో గాని, ఇంటిలో పుట్టిన కోరికను ఆపలేదు.

అయితే, వారిని విమర్శించి మనం చేతులు దులుపుకోరాదు. 2025 మార్చిలో అమెరికా గూఢచార సంస్థల వార్షిక నివేదిక ఫెంటానిల్ ముడి రసాయనాలకు చైనా తరువాత భారతదేశాన్ని పేర్కొంది. అదే నెలలో హైదరాబాదుకు చెందిన ఒక రసాయన సంస్థపై అమెరికాలో అభియోగాలు నమోదయ్యాయి. సెప్టెంబరులో కొందరు భారతీయ వ్యాపారవేత్తల వీసాలను ఇదే అనుమానంతో రద్దు చేసినట్లు ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం ప్రకటించింది. అభియోగం తీర్పు కాదు, నిరూపణ కానిదే ఎవరినీ దోషి అనరాదు. కాని 2025 ఫిబ్రవరిలో మన ప్రభుత్వమే, టాపెంటడాల్, కారిసోప్రొడాల్ కలిపిన మాత్రల తయారీని, ఎగుమతిని నిషేధించింది. మన దేశంలో తయారైన ఆ మాత్రలు ఘనా, నైజీరియా వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల వీధులలో యువకులను బానిసలు చేస్తున్నాయని వెల్లడైన తరువాత తీసుకున్న చర్య అది. ఆ యువకులలో మన ధర్మసోదరులు కూడా ఎందరో ఉన్నారు.

ద్రాక్షపండు హలాల్. కాని కొనేవాడు దానితో సారా చేస్తాడని తెలిసి అతనికి అమ్మడం ధర్మం కాదని ఎక్కువమంది ధర్మవేత్తలు అభిప్రాయపడ్డారు. ఔషధ సంస్థలలో, రసాయన రవాణాలో, మందుల దుకాణాలలో పనిచేసే మన యువకులు ఈ మాటను గుర్తుంచుకోవాలి. డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రల పట్టీని అదనపు ధరకు ఇచ్చే దుకాణదారుడు కూడా ఆ పదిమందిలో ఒకడే.

మన ఇంటి సరిహద్దు

చివరగా, చెప్పడానికి నాకు కష్టంగా ఉన్న మాట.

గిద్దలూరు వైపు నుండి ఒక తండ్రి ఈ సంవత్సరమే నా వద్దకు వచ్చారు. కుమారుడు కాలేజీలో చదువుతున్నాడు, గంజాయికి అలవాటుపడ్డాడు. "మా వాడు మంచివాడే హజ్రత్, స్నేహితుడు చెడగొట్టాడు" అని కన్నీరు పెట్టుకున్నారు. వారం తిరగకముందే ఆ స్నేహితుని తండ్రి వచ్చారు. ఆయన కూడా అదే మాట అన్నారు, పేర్లు మాత్రం తారుమారయ్యాయి. ఇద్దరూ కలిసి నిందించింది మూడవవానిని, ఏజెన్సీ నుండి సరుకు తెచ్చి అమ్మేవానిని. ఏజెన్సీవారిని అడిగితే, మాచేత పండించి కొనుక్కుపోయేది మైదానంవారే కదా అంటారు. వాషింగ్టన్, బీజింగ్‌ల మధ్య నడిచిన సంవాదమే మన వీధిలోనూ నడుస్తోంది.

నేను కూడా ఇందులో నిర్దోషిని కాను. ఆ అబ్బాయి చిన్నప్పుడు నా వద్ద ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్నవాడు. ఒకప్పుడు జుమాకు ముందువరుసలో ఉండేవాడు, క్రమంగా వెనుక వరుసకు, తరువాత వాకిలి దగ్గరకు, ఆపై అసలు కనబడకుండా పోయాడు. నేను గమనించాను. అడగలేదు. అడగడం తండ్రి పని అనుకున్నాను. మసీదుకు వెళ్తున్నాడు కదా, మౌలానాగారు చూసుకుంటారులే అని తండ్రి అనుకున్నారట. మా ఇద్దరి నడుమ ఉన్న ఖాళీలో నుండి ఆ పొగ లోపలికి వచ్చింది.

ఆ తండ్రులిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాను. మొదటి గంట నిందలతోనే గడిచింది. తరువాత ఒకరు నెమ్మదిగా అన్నారు, పిల్లవాడు ఎప్పుడు ఇంటికి వస్తున్నాడో ఏడాదిగా నేను చూడలేదని. ఆ మాటతో గది వాతావరణం మారింది. ఇద్దరు పిల్లలనూ ప్రభుత్వాసుపత్రిలోని వ్యసన విముక్తి కేంద్రానికి తీసుకువెళ్ళారు. ఒకడు కుదుటపడ్డాడు. రెండవవాడు ఒకసారి జారిపడి, మళ్ళీ చికిత్సలో ఉన్నాడు. వాని కోసం దుఆ చేయవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

తల్లిదండ్రులకు నా విన్నపాలు కొన్ని.

బిడ్డ కళ్ళు ఎర్రబడుతున్నా, నిద్రవేళలు తారుమారైనా, ఇంటిలో చిన్న మొత్తాలు కనబడకుండా పోతున్నా, పాత స్నేహితులను వదిలి కొత్తవారితో గుసగుసలాడుతున్నా, కోపం రాకముందే ప్రక్కన కూర్చొని అడగండి. కొట్టడం వలన వ్యసనం పోదు, దాగుతుంది.

పరువు పోతుందని చికిత్సను వాయిదా వేయవద్దు. వ్యసనం పాపమే కాదు, రోగం కూడా. పాపానికి తౌబా, రోగానికి వైద్యం, రెండూ కావాలి. కేంద్ర ప్రభుత్వపు ఉచిత సలహా నంబరు 14446. మత్తుపదార్థాల అమ్మకం గురించి తెలిస్తే మన రాష్ట్రంలో 2024లో ఏర్పడిన ఈగల్ విభాగానికి 1972 నంబరుపై తెలుపవచ్చు. చిన్న పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే విచారణ నుండి రక్షణ పొందే వీలు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షను క్రింద ఉంది. భయపడి దాచడం కన్నా న్యాయవాదిని, వైద్యుని సంప్రదించడం మేలు.

ఇంటిలో పెద్దలు సిగరెట్టు, గుట్కా మానకుండా పిల్లలకు గంజాయి గురించి బోధిస్తే అది చెవికెక్కదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

మసీదు కమిటీలు, మదరసా ఉపాధ్యాయులు కూడా ఒక పని చేయవచ్చు. జుమాకు రావడం మానివేసిన యువకుల పేర్లు మనకు తెలుసు. నెలకు ఒక్కసారి వారి ఇళ్ళకు వెళ్ళి, ఉపన్యాసం ఇవ్వకుండా, టీ త్రాగి, యోగక్షేమాలు అడిగి రావాలి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

పలకల ఫ్యాక్టరీ సోదరునికి మరుసటి జుమా నాడు నా జవాబు చెప్పాను. మీ రాయికీ వారి మత్తుకీ సంబంధం లేదు భాయ్, వారి సుంకం న్యాయం కాదు. దానిని మార్చడం మన చేతిలో లేదు, మన ప్రభుత్వాలు మాట్లాడుతున్నాయి, అల్లాహ్ మీ ఉపాధిలో శుభం కలిగించుగాక అన్నాను. ఆయన తల ఊపి, కొంతసేపు మౌనంగా ఉండి, "మరి మనకు చేతనైనది ఏమిటి?" అని అడిగారు. ఆయనకూ పదిహేనేళ్ళ కుమారుడున్నాడు. ఈ రాత్రి వాడితో కలిసి భోజనం చేయండని చెప్పాను.

మన పిల్లలను అల్లాహ్ ప్రతి మత్తు నుండి కాపాడుగాక. నిందించే ముందు మన సంచిని మనం వెదకుకొనే ధైర్యాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.